ఆ ఇంటి వంటిల్లు

మా అమ్మాయి కాపురం చూడ్డానికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ తీసుకెళ్ళారు. ఊరి చర్చి గురువుగారికిచ్చే ఇంటిని అక్కడ రెక్టరీ అంటారు. ఎప్‌వర్త్ రెక్టరీ ఇప్పుడు మ్యూజియం. వరసగా కిటికీలున్న ఎర్ర ఇటుకల మేడ.

అంతకుముందున్నది కర్రతో, సున్నంతో కట్టి గడ్డి కప్పిన ఇల్లట. 1709 ఫిబ్రవరిలో ఓ రాత్రి తగలబడిపోయింది. పైన చిక్కుకున్న ఐదేళ్ళ జాన్ వెస్లీని, ఒకరి భుజాలమీద ఒకరెక్కి కిటికీలోంచి దించారు. తర్వాత మెథడిస్టు ఉద్యమం నడిపింది ఆయనే. ఆ ఏడాదే ఇటుకలతో మళ్ళీ కట్టారు.

నన్ను కదలనివ్వనిది మాత్రం వంటిల్లే. జాన్ తల్లి సుసానా 19 మందిని కంటే, పెరిగి పెద్దయింది పదిమంది. చదువు ఆవిడే చెప్పుకుంది. 1712లో భర్త లండన్‌లో ఉండగా, ఆదివారం సాయంత్రాలు ఆవిడ వంటింట్లో ప్రార్థన చదివితే వినడానికి రెండొందలమందికి పైగా వచ్చేవారట! ఆడవాళ్ళు చదవడమేమిటని భర్త ఉత్తరం రాశారు. "వద్దంటే గట్టిగా ఆజ్ఞాపించండి, దేవుడికి జవాబు మీరే చెప్పుకోవాలి" అన్న అర్థం వచ్చేలా బదులు రాసింది.

వంటింట్లోనే నా బతుకు తెల్లారిపోయిందని రోజూ విసుక్కునేదాన్ని. ఇప్పుడు మా పనమ్మాయి కూతుర్ని పీటమీద కూర్చోబెట్టి, పప్పు ఉడికేలోగా ఎక్కాలు చెబుతున్నాను. ఎనిమిదో ఎక్కం దాకా వచ్చింది.