బాసర వెళ్ళినాయన

మా ఇంటావిడ లెక్కలో నేను ఇతరుల పరాక్రమాన్ని తులాల చొప్పున కొనుక్కునే మనిషిని. "బిళ్ళబంట్రోతుకైనా బిళ్ళ ఒక్కటే ఉంటుంది, మీకు అరవై ఏమిటండీ!" అంటుంది. నిజమే. నేను జన్మలో తుపాకి పట్టినవాణ్ణి కాను. అయినా పాత సామాన్ల కొట్లో సైనికుల పతకం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. తపాలా బిళ్ళలు పోగేసేవాళ్ళనెవరూ ఏమీ అనరు, అదే విచిత్రం.

పతకం చూడటం కూడా ఒక విద్యే లెండి. తెలియనివాళ్ళు ముందు రాజుగారి బొమ్మ చూసి, తర్వాత వెనక్కి తిప్పుతారు. తెలిసినవాడు ఆ రెండూ వదిలేసి అంచు చూస్తాడు. నంబరు, హోదా, పేరు, దళం సన్నటి అక్షరాల్లో అక్కడ కొట్టి ఉంటాయి. పేరు ఇంగ్లీషులోనే, అదీ గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా. మన సుబ్బారాయుళ్ళూ, వెంకన్నలూ కన్నతల్లి కూడా గుర్తుపట్టలేనంత మారిపోయి ఉంటారు. రెండో ప్రపంచయుద్ధం పతకాలు బ్రిటిష్ సిపాయిలకు పేరు కొట్టకుండానే పంచారు. మన సైన్యానికి ఇచ్చిన వాటి మీద మాత్రం కొట్టారు. బర్మా స్టార్ కానీ, వెనక ఇండియా పటం ఉండే ఇండియా సర్వీస్ మెడల్ కానీ మనవాడిదైతే పేరు దొరుకుతుంది. స్వతంత్రం వచ్చాక 1965 నాటి రక్షా మెడల్, 1971 నాటి సంగ్రామ్ మెడల్ కూడా అంతే. పేరు లేనిది నేను కొనను.

2007లో ఏలూరులో తెలిసిన షరాబు గారొకరు కబురు చేశారు. "మాస్టారూ, కల్కి అవతారం బిళ్ళ ఒకటొచ్చింది. మూసలో వెయ్యబోతూ మీరు గుర్తొచ్చి ఆగాను. గుర్రం ఉంది, కత్తి ఉంది. స్వామివారికి బట్టలే లేవండీ!"

వెళ్ళి చూస్తే అది 1914–18 నాటి బ్రిటిష్ వార్ మెడల్. ఒంటి మీద నూలుపోగు లేని మనిషి గుర్రమెక్కి, శత్రువు డాలునూ, పుర్రెనూ తొక్కిస్తూ ఉంటాడు. వెండిది, మూడు తులాలకు కాస్త తక్కువ తూగుతుంది. ఆ వెండే దాని ప్రాణం మీదికి తెచ్చింది. కంచు పతకాలు పిల్లల ఆటవస్తువులుగా అయినా బతికాయి. ఇదేమో ఇంట్లో ఇబ్బంది వచ్చినప్పుడల్లా కొట్టుకి వెళ్ళి, ఎవరి కాళ్ళ పట్టీలో అయిపోయింది. భూతద్దం పెట్టి అంచు చదివాను. బెంగుళూరు దళం, మద్రాస్ సాపర్స్. సైన్యానికి వంతెనలు కట్టి, కందకాలు తవ్వే జట్టు. మనిషి తెలుగువాడే. పేరు మాత్రం ఇక్కడ రాయను, వాళ్ళింట్లో మాటిచ్చాను.

మా ప్రాంతంలో సైనికుడంటే ముందు గుర్తొచ్చేది తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. మిలిటరీ మాధవరం అంటేనే చాలామందికి తెలుస్తుంది. మొదటి యుద్ధానికి తొంభైమందినీ, రెండో యుద్ధానికి వెయ్యిమందికి పైగానూ పంపిన ఊరు. ఇంకేం, ఆదివారం పొద్దున్నే రైలెక్కి గూడెంలో దిగి, ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. అరుగు మీద కూర్చున్న రిటైర్డు సుబేదారు గారొకాయన మెడల్ని ఎండకు పట్టి తిప్పి చూశారు. "మావాడు కాదండి. మావాడైతే ఇంట్లోవాళ్ళు అమ్మరు" అన్నారు. తర్వాత నావైపు జాలిగా చూసి, "ముందు అమ్మినోళ్ళని పట్టుకోండి మాస్టారూ, యుద్ధం చేసినాయన్ని తర్వాత పట్టుకోవచ్చు" అన్నారు. ఇంత చిన్న సంగతి నాకు తట్టనందుకు సిగ్గేసింది.

షరాబు గారు ఓ వారం నానబెట్టి గాని చెప్పలేదు. కైకలూరు వైపు కొల్లేటి లంక అట. 2006లో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసినప్పుడు ఆ ఇంటివాళ్ళ చెరువూ పోయింది. మనవడి కాలేజీ ఫీజుకి ఓ పెద్దావిడ కడియాలతో పాటు ఈ బిళ్ళ కూడా తూకానికిచ్చిందట.

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే బస్సు కొల్లేటి మధ్య నుంచే పోతుంది. దిగి, నడిచి, అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాను. ఆవిడకి డెబ్బై ఉంటాయి. బిళ్ళ చూడగానే, "కొట్టాయన తిప్పి పంపాడా అండీ? మంచి వెండే కదా!" అని కంగారు పడింది. అది కాదమ్మా అని కూర్చోబెట్టి, ఇది ఎవరిదని అడిగాను.

"మా తాతదంటండి. నేనెరగను, మా నాన్నే ఎరగడు. బాసర ఎల్లి సన్నాసుల్లో కలిసిపోయాడంట. మా ముత్తాత అలాగే చెప్పేవోడంట. మా నాయనమ్మ ఎదురు చూసి చూసి పసుపు కుంకాలతోనే పోయింది బాబూ."

సన్యాసి దగ్గర యుద్ధం మెడలేమిటని నేను ఆలోచిస్తుండగా, దేవుడి గూట్లో ఒక కంచు బిళ్ళ కనబడింది. సుమారు అయిదంగుళాలది, నిండా కుంకం. "మా పెద్దింటమ్మండి" అంది ఆవిడ. "ముత్తాత తెచ్చి పెట్టాడు. చేతిలో త్రిశూలం, ముందర సింహం. ఇయిగో, కొల్లేటి చేపలు కూడాను."

నాకు గొంతు ఎండిపోయింది. ఆ అమ్మ బ్రిటానియా, ఆ చేపలు డాల్ఫిన్లు. మొదటి యుద్ధంలో చనిపోయినవాళ్ళ ఇళ్ళకే పంపిన ఫలకం అది. బతికి వచ్చినవాడికి ఇవ్వరు. పదమూడు లక్షలకు పైగా పోతపోశారు. అంచు చుట్టూ స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం ఇతను ప్రాణమిచ్చాడని ఉంటుంది. ఎవరి స్వేచ్ఛ అని అడక్కండి. త్యాగంలో అందరూ సమానమని ఆ ఫలకం మీద హోదా కూడా వెయ్యలేదు. పేరు మాత్రమే, ఒక చిన్న గడిలో. ఆవిడ అనుమతితో తడిగుడ్డతో కుంకం తుడిచాను. మెడల్ అంచు మీది పేరే.

చెప్పడమా, మానడమా? తొంభై ఏళ్ళ నాటి మాట. వచ్చిన దారినే పోవచ్చు. కాని ఆవిడే నా మొహం చూసి, "ఏం రాసుందండీ?" అంది.

"బాసర కాదమ్మా, బస్రా అయ్యుంటుంది. సముద్రం అవతల, ఇరాక్‌లో. అప్పట్లో మెసపొటేమియా అనేవారు. మీ తాతగారి దళం వాళ్ళు అక్కడ యుద్ధం చేశారు. ఆయన సన్యాసుల్లో కలవలేదు. యుద్ధంలో పోయారు."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "అయితే మా ముత్తాతకి తెలుసన్నమాట" అంది. "కాయితం వచ్చే ఉంటది. పద్దెనిమిదేళ్ళ కోడలి బొట్టు చెరపలేక బాసరన్నాడు." మళ్ళీ కాసేపాగి, "నాయనమ్మ రోజూ బొట్టెట్టింది దీనికేనా అండీ?" అంది.

అక్కడేమైనా గుర్తుందా, పేరు రాశారా అని అడిగింది. బస్రాలో 1929లో పెద్ద స్మారకం కట్టారు. తెల్లవాళ్ళ పేర్లు, మన ఆఫీసర్ల పేర్లు రాతి మీద చెక్కారు. మన సిపాయిలకు మాత్రం, దళానికి ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. ఆ మాట ఆవిడకు చెప్పడానికి నోరు రాలేదు. "ఇక్కడుందిగా అమ్మా" అన్నాను, మెడల్ ఆవిడ చేతిలో పెట్టి.

గూట్లో ఫలకం పక్కన పెట్టింది. అలవాటు కొద్దీ కుంకంబరిణ తీసి, మళ్ళీ ఆగింది. "ఇప్పుడు బొట్టెట్టాలా, దండెయ్యాలా బాబూ?" అంది. నాకేం తెలుస్తుంది!

వెండి డబ్బులు తీసుకోవాల్సిందేనని పట్టుబట్టింది. నేను పుచ్చుకోనంటే, మనవణ్ణి పంపించి, తడి గోనెసంచిలో బతికున్న కొర్రమేను పెట్టించి బస్సు దాకా మోయించింది. ఏలూరు చేరేదాకా అది నా కాళ్ళ దగ్గర కొట్టుకుంటూనే ఉంది.

ఇంటావిడ సంచి విప్పి చూసి, "పోన్లెండి, ఈసారి వండుకునే వస్తువు తెచ్చారు" అంది.