నాయనమ్మ సర్వ... నా బ్యాగులో!

సికింద్రాబాద్‌లో రైలెక్కితే రెండు గంటలు దాటేసరికి కాజీపేట. అక్కడి నుంచి ఆటోలో హనుమకొండ. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ నాయనమ్మ ఇంట్లోనే ఉండి చదివాను. ఉద్యోగం వచ్చాక కూడా నెలకోసారైనా వెళ్తూనే ఉన్నా. కానీ పోయిన నెల వెళ్లింది వేరే పనికి. నాయనమ్మ ఆ ఇల్లు ఖాళీ చేస్తోంది. మోకాళ్లు సహకరించట్లేదు, ఒక్కతే ఉండలేదు. హైదరాబాద్‌లో బాబాయి వాళ్ల ఫ్లాట్‌కి మారాలి. ఆ శనివారం ఆ వంటింట్లో చివరి రాత్రి.

"ఏం చేసుకుందాం బిడ్డా?" అంది.

"సర్వపిండి" అన్నా, ఆలోచించకుండానే.

తెలియనివాళ్ల కోసం చెప్తా. ఓరుగల్లు, కరీంనగర్ వైపు దీన్ని సర్వపిండి అంటారు. కొన్నిచోట్ల గిన్నప్ప, ఇంకొన్నిచోట్ల తపాల చెక్క. సర్వ అంటే గుండ్రటి అడుగున్న లోతు గిన్నె. పిండిని దాని లోపల అద్ది కాలుస్తారు కాబట్టి ఆ పేరు. మా ఇంట్లో ఇది చిరుతిండి కాదు, రాత్రి భోజనమే.

కూరగాయల కోసం నన్నే పంపింది. వేయిస్తంభాల గుడి మీదుగా నడిచా. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన గుడి. కాలేజీ రోజుల్లో పరీక్షల ముందు తప్ప అటు తొంగి చూసింది లేదు. ఈసారి కాసేపు ఆగా. తర్వాత రోడ్డు పక్కన బండి దగ్గర సొరకాయ, ఉల్లికాడలు, కొత్తిమీర. సొరకాయకి గోరు గుచ్చి చూడాలి. సులువుగా దిగితే లేతది.

వచ్చేసరికి శనగపప్పు నానబెట్టి ఉంది. గంట నానాలట. నేను సొరకాయ తురిమా. నాయనమ్మ పచ్చిమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర దంచింది. వేయించిన పల్లీలని పలుకుల్లా నలిపింది. రెండు గ్లాసుల బియ్యప్పిండికి ఒక గ్లాసు సొరకాయ తురుము, గుప్పెడు పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, ఉప్పు.

నేను నీళ్ల చెంబు అందుకోబోతే ఆపింది. "ఆగు. ఉప్పు తగిలితే సొరకాయే నీళ్లిడుస్తది. గప్పుడు చూసి జరన్ని పోసుకోవాలె."

పది నిమిషాలాగి చూస్తే నిజమే. అర గ్లాసు నీళ్లు కూడా పట్టలేదు.

సర్వకి నూనె రాసి, ముద్దని అడుగునా పక్కలకీ పల్చగా అద్దింది. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో రెండు చుక్కల నూనె వేసింది. మూత పెట్టి సన్నమంట మీద పన్నెండు నిమిషాలు. తిప్పే పనే లేదు. అడుగు కరకరలాడుతుంది, పైన ఆవిరికి మెత్తగా ఉడుకుతుంది. అంచులు వదిలాయంటే అయిపోయినట్టే.

అసలు కిటుకు తర్వాత ఉంది. కాలిన సర్వలో రెండోది అద్దితే చెయ్యి కాలుతుంది. అందుకే దాన్ని బోర్లించి, వెనక నీళ్లు పోసి చల్లార్చాలి. ఆ చుయ్‌మనే చప్పుడు వింటూ చదువుకున్న రోజులు గుర్తొచ్చాయి.

సర్దిన అట్టపెట్టెల మధ్య కింద కూర్చుని, పెరుగు నంజుకుంటూ తిన్నాం. నాయనమ్మ ఎప్పటిలాగే అడిగింది. "రోజు రాత్రి ఏం తింటున్నవ్?"

ఫోన్‌లో అయితే "చపాతీ, కూర" అనేవాణ్ని. ఐదేళ్లుగా అదే అబద్ధం. నిజం ఏంటంటే, అమెరికా కాల్ అయ్యేసరికి పదిన్నర. యాప్‌లో బిర్యానీ. పొద్దున్నే గ్యాస్ మాత్ర. మీలో చాలామందికి ఈ మెనూ కొత్తేం కాదు కదా! ఆ రాత్రి ఆమె ముందు ఎందుకో అబద్ధం రాలేదు. మొత్తం చెప్పేశా.

తిట్టలేదు. ప్లేట్లు తీసి, సర్వ తోమి, పాత చీర ముక్కలో చుట్టి నా బ్యాగు మీద పెట్టింది.

"బాబాయి ఇంట్ల కరెంటు పొయ్యట. గీ అల్యూమినం సర్వ దాని మీద పనికిరాదట. నువ్వు తీస్కపో."

ఇండక్షన్ మీద అల్యూమినియం వేడెక్కదని నాకూ తెలుసు. అయినా ఆ మాటకి ఏం చెప్పాలో తోచలేదు. నలభై ఏళ్ల గిన్నె అది.

మంగళవారం రాత్రి తొమ్మిదికి లాప్‌టాప్ మూసి, కాల్‌కి ముందు గంట దొరికించుకున్నా. శనగపప్పు ఆఫీసు నుంచి రాగానే నానేశా. మొదటిది బాగానే వచ్చింది. ఆ సంబరంలో రెండోది వేడి సర్వలోనే అద్దబోయి వేళ్లు కాల్చుకున్నా. చల్లార్చి మళ్లీ వేస్తే, ఈసారి కాల్ టైమ్ అవుతోందని మంట పెంచా. ముక్కలైంది.

అప్పుడే వీడియో కాల్. "ఏం తిన్నవ్?"

"సర్వపిండి."

నమ్మలేదు. "సూపెట్టు" అంది.

ప్లేటు కెమెరా ముందు పెట్టా. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"అంచు మాడ్చినవ్. మంట తగ్గియ్యాలె" అంది. ఇంకాసేపు చూసి, "రేపు మెంతికూర ఏసి చెయ్" అంది.