గోవా పడవలో ఒక పూట

ఈమధ్య మన సంఘాల్లో యౌవనస్థులు సెలవులు వస్తే చాలు గోవా పేరు ఎత్తుతున్నారు. కొత్తగా పెండ్లయినవారు, కాలేజీ పిల్లలు, మగ్గాల మీద పనిచేసే కుర్రవాళ్లు సైతం నలుగురు కూడబలుక్కుని గుంతకల్లులో బండెక్కి పోయివస్తున్నారు. మేము పోయివచ్చిన తరువాత మా ఇంటికి వచ్చి, "ఆ పాటల పడవలో ఏముంటుందండీ? సముద్రంలోకి దింపి చేపలు చూపిస్తారంట గదా, ఈత రానివాళ్లు పోవచ్చునా?" అని అడిగినవారు ఏడెనిమిది మంది ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా చెప్పినాము. కొందరికి నవ్వుతూ చెప్పినాము, జరిగినది దాచినాము. అందుకే ఇక్కడ ఉన్నదున్నట్టు వ్రాస్తున్నాము.

మేము అంటే భార్యాభర్తలిద్దరము, పదహారేండ్ల పెద్దవాడు, పన్నెండేండ్ల పాప. ధర్మవరం మాది. చిత్రావతి నిండుగా పారిన సంవత్సరాలను వేళ్లమీద లెక్కపెట్టుకునే ఊరు. చెరువు నిండిందంటే చూడడానికి పిల్లాజెల్లా అందరమూ కట్టమీదికి పోతాము. అయితే మా చిన్నతనంలో పొలాల్లో బావులుండేవి. నడుముకు బెండ్లు కట్టి పెద్దవాళ్లు బావిలోకి తోసేవారు. కడుపునిండా నీళ్లు తాగగా తాగగా ఈత వచ్చేది. మా ఇద్దరిలో అట్లా ఈత నేర్చినది ఒక్కరే, అదీ మగమనిషి కాదు. తరువాత బోర్లు వచ్చినాయి, బావులు ఎండినాయి, కొన్నిటిని పూడ్చేసినారు. మా పిల్లలకు ఈత రాకపోవడానికి అదొక కారణం.

రెండో కారణం మా ఇంట్లో పెద్దామె, పిల్లల అవ్వ. ఆమె తన చిన్నకొడుకును పదేండ్ల ప్రాయంలో బావిలో పోగొట్టుకున్నది. ఆ మాట ఆమె నోట మేము ఎన్నడూ వినలేదు గానీ, ఆ రోజు మొదలు మా ఇంటి పిల్లలు మోకాటికి మించిన నీళ్లలో కాలు పెట్టలేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోతున్న పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగి, డెబ్బైమందికి పైగా ఎక్కినవారిలో 26 మంది మాత్రమే బయటపడినారని టీవీలో చూసినప్పుడు ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు. కాబట్టి 2025 సంక్రాంతి సెలవులకు గోవా పోతున్నామన్నప్పుడు, వాస్కోలో ఉన్న మా చిన్నమ్మ కొడుకు ఇంటికి పోతున్నామని, పాత గోవాలో పెద్దపెద్ద గుళ్లు చూసి వస్తామని మాత్రమే చెప్పినాము. పడవ సంగతి చెప్పలేదు. అబద్ధం ఆడలేదు గదా అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాము.

రైలు ప్రయాణం గురించి వ్రాయడం మొదలుపెడితే పత్రిక చాలదు. బళ్లారి, హొసపేట, హుబ్లీ దాటి లోండా వచ్చేసరికి మన ఎర్రనేల పోయి అడవి మొదలవుతుంది. దూద్‌సాగర్ జలపాతం రైలు కిటికీ పక్కనే కనబడుతుంది. జనవరిలో నీరు తక్కువే, అయినా మా కళ్లకు అది ఎక్కువే.

వాస్కోలో మా తమ్ముడు పడవకు ముందే టికెట్లు తీసి పెట్టినాడు. తలకు పదిహేను వందలు. డాల్ఫిన్లను చూపించడం, గ్రాండ్ ఐలాండ్ అనే దీవి దగ్గర నీళ్లలోకి దింపడం, మధ్యాహ్నం అన్నం, పాటలు, ఇంకా "డ్రింక్సు" అన్నీ అందులోనే అన్నారు. డ్రింక్సు అంటే మేము కూల్‌డ్రింకులనుకున్నాము. ఇరవై రోజుల ముందే, 2024 డిసెంబరు 25న, కలంగూట్ దగ్గర పర్యాటకుల పడవ బోల్తా పడి ఒకరు చనిపోయినారు. ఇరవై మందిని కాపాడినారు. ఆ సంగతి అడిగితే మా తమ్ముడు, "అది వేరే పడవలే అక్కా" అన్నాడు. అన్ని పడవలూ వేరే పడవలే గదా.

పొద్దున ఎనిమిది గంటలకు మాండవి నది సముద్రంలో కలిసేచోట, కోకో బీచ్‌లో పడవ ఎక్కినాము. ఎక్కేముందు కడుపు సంగతి. మేము నాలుగు ఇడ్లీలు తిని ఎక్కినాము, అది తప్పు. రెండు చాలును. బొత్తిగా తినకపోతే ఇంకా ఎక్కువ తిప్పుతుంది. పడవ ముందు భాగం బాగా ఎగిరిపడుతుంది, నడుమ కూర్చుంటే కొంత మేలు. వాంతి వచ్చేటట్టుంటే కింద కాకుండా దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీతను చూడమని ఒక పెద్దాయన చెప్పినాడు. అది పనిచేసింది. మాత్ర వేసుకోదలచినవారు ఎక్కేముందే, డాక్టరును అడిగి వేసుకోవలెను. వాంతి మొదలైన తరువాత ఏ మాత్రా లోపల నిలవదు.

ఒడ్డు వదలగానే ఆగువాడ కోట కనబడుతుంది. 1612లో పోర్చుగీసువారు కట్టి ముగించినది. ఆగువాడ అంటే వారి భాషలో మంచినీళ్లు నింపుకునే చోటు అట. దూరదేశం నుండి వచ్చిన ఓడలు అక్కడ ఆగి తాగేనీళ్లు నింపుకునేవి. చుట్టూ సముద్రం పెట్టుకుని తాగేనీళ్లకు వెతుక్కోవడం మనవాళ్లకు వెంటనే అర్థమయ్యే సంగతి. డాల్ఫిన్లు కూడా కనబడినాయి. సినిమాలో మాదిరి ఎగరలేదు. బూడిదరంగు వీపు ఒకసారి తేలి మునిగింది. అంతే. పాప దానికే చప్పట్లు కొట్టింది.

తొమ్మిది కాకముందే డ్రింక్సు అంటే ఏమిటో తెలిసింది. బీరు సీసాల పెట్టె తెరిచినారు. పెద్ద స్పీకర్లలో పాటలు, మధ్యలో గంతులు. మాతో ఎక్కినవారిలో ఏడుగురు స్నేహితులు వేరే రాష్ట్రం నుండి వచ్చినవారు, మంచి పిల్లలే, మా పాపకు బిస్కెట్లు ఇచ్చినారు. పాటలను మేము తప్పు పట్టడం లేదు. మేమూ కాలు కదిపినాము. మాకు గుబులు పుట్టించినది మరొకటి. ఆ ఏడుగురూ తాగి, మరి గంటలో నీళ్లలోకి దిగబోతున్నారు. పడవలో పనిచేసే కుర్రవాళ్లు వారిని వద్దనలేదు, ఇంకొక సీసా అందించినారు.

ఇక లైఫ్ జాకెట్ల సంగతి. పడవ కదిలిన తరువాత మూలన కుప్పగా పోసినవాటిలో నుండి తలా ఒకటి విసిరినారు. మావాడికి వచ్చినదానికి మూడు బకిళ్లలో నడిమిది విరిగి ఉంది. పనివాడు దానిని నైలాన్ దారంతో ముడివేసి "చాలు" అన్నాడు. కాళ్ల సందునుండి వచ్చి బిగించే పట్టీ అసలే లేదు. మేమిద్దరము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. నలభైమందిలో ఎవ్వరూ ఏమీ అనలేదు. మనమెందుకు అనవలె, ఊరుగాని ఊరు, భాష సరిగా రాదు, రసాభాస ఎందుకు అని ఊరుకున్నాము. సంతలో చీర పోగు తెగి ఉంటే వెంటనే పట్టుకుని వెనక్కి ఇచ్చే చేతులు మావి.

దీవి మార్మగోవా కొనకు ఎదురుగా సముద్రంలో ఉంది. గంటకు పైగా ప్రయాణం. దీవి చాటున అలలు తక్కువగా ఉన్నచోట లంగరు వేసి, అయిదారుగురిని ఒక జట్టుగా దింపుతారు. ముక్కును కూడా కప్పే అద్దం ముఖానికి పెట్టి బిగిస్తారు. అద్దం మసక పట్టకుండా లోపల ఉమ్మి రుద్ది కడగమంటారు. మొదట అసహ్యమనిపిస్తుంది గానీ పనిచేస్తుంది. వంకర గొట్టం ఒక కొస నోట్లో, రెండో కొస నీటిపైన. ముక్కుతో గాలి పీల్చకూడదు, నోటితోనే పీల్చి నోటితోనే వదలవలెను. దీనినే స్నార్కెలింగ్ అంటారు. లోతుకు పోవడం కాదు, బోర్లా తేలుతూ కిందికి చూడడమే. ఈత రానివాడు కూడా తేలగలడు, జాకెట్టు సరిగా ఉండి, పట్టుకునే మనిషి పక్కన ఉంటే.

గొట్టంలోకి నీళ్లు వస్తే గట్టిగా ఊదితే పోతాయి. ఈ ఒక్క సంగతి దిగకముందే నాలుగుసార్లు చేసి చూసుకోవలెను. మాకు ఎవరూ చేయించలేదు.

మా ఇద్దరిలో ఈత వచ్చినామె మొదట దిగింది. బావి నీళ్లకు అలవాటుపడిన మనిషికి సముద్రం తేలికగా ఉంటుంది, ఉప్పునీరు తనకు తానే పైకి లేపుతుంది. కింద కనబడినదాని గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. కాగితం మీద అచ్చువేసిన బొమ్మల్లో ఉండే నీలపు నీళ్లు అండమాన్ వైపువి. గోవాలో మాండవి, జువారి నదులు మట్టిని తెచ్చి కలుపుతాయి. నీరు పచ్చగా, కొంత మురికిగా ఉంటుంది. రాళ్లు, రాళ్లకు పట్టుకున్న గుల్లలు, నల్లని ముళ్ల జీవులు కనబడినాయి. వాటిమీద కాలు పెడితే కోసుకుంటుంది. పనివాడు రొట్టెముక్క వేయగానే పసుపు మీద నల్లచారల చిన్నచేపలు ముఖం ముందుకు వచ్చినాయి. పదిహేను నిమిషాలు. ఆమె పైకి వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి, మాట రాలేదు, నవ్వింది. పెండ్లయిన ఇన్నేండ్లలో ఆమె ముఖంలో ఆ నవ్వు తక్కువసార్లు చూసినాము. అందుకే పడవకు పోవడమే తప్పని మేము చెప్పలేము.

తరువాత మావాడు దిగినాడు. అదే జట్టులో ఆ స్నేహితుల్లో ముగ్గురు. పనివాళ్లు ఇద్దరు. అందులో ఒకడు నీటిలోపల ఫొటో తీసే కెమెరాతో ఉన్నాడు, ఎందుకంటే వీడియోకు వేరే డబ్బులు. రెండోవాడు తాగినవారిని పట్టుకోలేక సతమతమవుతున్నాడు. మావాడు తాడు పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టినాడు. ఒక అల గొట్టం మీదుగా పోయింది. ఊదడం తెలియదు. అద్దం పీకేసినాడు, తాడు వదిలినాడు. జాకెట్టు కిందనుండి బిగింపు లేక గడ్డం మీదికి లేచి నోటిని మూసింది. చూస్తుండగానే నీటివాలు వానిని పడవ వెనుక వైపుకు తీసుకుపోయింది. పది బారలు, పదిహేను బారలు. అరిచినాము. పాటలో మా అరుపు మాకే వినబడలేదు.

వాళ్లమ్మ దూకింది. చూడీదారు మీద జాకెట్టుతోనే దూకి, బావి ఈతతో వానిని చేరింది. చంకలు పట్టుకుని తల వెనక్కి ఉంచి, మీదపడి పట్టుకోకుండా వెనుకనుండి ఆపింది. ఆ పద్ధతి ఆమెకు చిన్నప్పుడు బావి దగ్గరే ఎవరో చెప్పినదట. పడవలో ఉన్నవారిలో ఒక కన్నడ ఆయన తాడు కట్టిన రబ్బరు చక్రం విసిరినాడు. అంతా కలిసి రెండు నిమిషాలు ఉంటుంది. వాడు దగ్గి దగ్గి ఇడ్లీతో సహా కక్కి, తరువాత చలితో వణికినాడు. స్పీకరులో పాట మధ్యలో ఆగలేదు.

దిగేటప్పుడు పడవ యజమానిని అడిగినాము. "ఏమీ కాలేదు గదా" అన్నాడు. ఆ మాటకు జవాబు మాకు ఈనాటికీ దొరకలేదు.

పోదలచినవారికి మేము చెప్పేది ఇదే. డబ్బు ఇచ్చేముందు జాకెట్లు చూడండి. మీ బరువుకు సరిపోయేది, అన్ని బకిళ్లూ పడేది, భుజాల దగ్గర పట్టి పైకి లాగితే చెవుల దాకా రానిది అడగండి. ఇవ్వకపోతే దిగిపోండి, పదిహేను వందలు పోతే పోనీ. నీళ్లలోకి దిగేవారు బీరు ముట్టకూడదు. తాగినవారున్న జట్టులో మీ పిల్లలను దింపకండి. ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణీ స్త్రీలు పడవలోనే ఉండి చూడవచ్చును. చీరతో దిగవద్దు, తడిస్తే కాళ్లకు చుట్టుకుంటుంది. సముద్రంలో ఆపద వస్తే తీర రక్షకదళం నంబరు 1554. జూన్ మొదలు సెప్టెంబరు దాకా వానకాలం, అప్పుడు ఎవరు రమ్మన్నా పోవద్దు.

ధర్మవరం తిరిగి వచ్చిన మూడోనాడు పాప నోరుజారింది. అవ్వ మమ్మల్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నది.

"ఏం రా, నీళ్లలోకి దిగినావంట?"

మావాడు తల వంచుకున్నాడు. మేమే మొదటినుండి చెప్పినాము, విరిగిన బకిలుతో సహా. ఆమె తిట్టుతుందనుకున్నాము. చాలాసేపు పలకలేదు.

"నాకు చెప్పకుండ పోయినందుకు కాదు" అన్నది తరువాత. "ఆ పగిలిపోయినదాన్ని బిడ్డకు కట్టనిచ్చినారు చూడు, అందుకు." కొంతసేపు ఆగి, "మా చిన్నోనికి ఈత నేర్పిస్తామని మీ మామ అనె. నేనే వద్దంటి" అన్నది.

ఇన్నేండ్లలో ఆ బిడ్డ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

ఆ వేసవిలో బత్తలపల్లి వైపు మా బంధువుల తోటలో, ఇంకా నీళ్లున్న ఒక దిగుడు బావి వెతికినాము. ఆదివారం ఆరాధన అయిన తరువాత మధ్యాహ్నం పోయేవాళ్లము. బెండ్లు ఇప్పుడు అంగట్లో దొరకవు, పాత ట్యూబు ముక్కలు, ఎండిన సొరబుర్రలు కట్టినాము. మొదటిరోజు అవ్వ రాలేదు. రెండో ఆదివారం తానే ఆటో మాట్లాడుకుని వచ్చింది. వాని నడుముకు కట్టిన తాడు కొసను చేతికి రెండు చుట్లు చుట్టుకుని, గట్టుమీద చింతచెట్టు నీడన కూర్చున్నది. వాడు ఎన్నిసార్లు మునిగి లేచినా నోరు మెదపలేదు. నాలుగో ఆదివారానికి ఒక బుర్ర విప్పినాము. వాడు అవతలి మెట్టు దాకా పోయి తిరిగివచ్చి, "అవ్వా, తాడు కొంచెం వదులు చేయి" అన్నాడు. ఒక చుట్టు విప్పింది.