బదిలీ కాని పురుగు

"మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే నాకూ తమ్ముడికీ జవాబు చెప్పడం కష్టం. నాన్న ఉద్యోగం వల్ల ఇప్పటికి నాలుగు ఊళ్ళు మారాం. ఇప్పుడు ఉంటున్నది రాయ్‌పూర్. అమ్మమ్మ వాళ్ళది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. అందుకే ఆ ప్రశ్న వస్తే నవ్వి ఊరుకుంటాను. కానీ ఒకసారి ఆసుపత్రిలో దానికి జవాబు చెప్పాల్సి వచ్చింది.

2025 దసరా సెలవులకి అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాం. రాయ్‌పూర్‌లో రైలెక్కితే మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ దాటాక పార్వతీపురం వస్తుంది. తర్వాత బొబ్బిలి. అక్కడున్న వారం రోజులూ తమ్ముడు తాతయ్య వెంటే. సాయంత్రం ఆవుల్ని మేపుతుంటే వాడు చెరువు గట్టున గడ్డిలో పడుకునేవాడు. నేను పక్కనే కూర్చునేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో వాడు చొక్కా మార్చుకుంటుంటే చంక కింద చిన్న ఎర్ర పొక్కు కనిపించింది. చీమ కుట్టిందనుకుని ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చిన ఐదో రోజున వాడికి జ్వరం వచ్చింది. తల పగిలిపోతోందని ఏడ్చాడు. మొదట చూపించిన చోట మలేరియా, డెంగీ పరీక్షలు చేసి, రెండూ లేవని జ్వరం మాత్రలిచ్చి పంపారు. ఆరు రోజులైనా తగ్గలేదు. పిలిస్తే కళ్ళు కూడా సరిగా తెరవడం లేదు. అమ్మ ముఖం చూస్తే నాకు భయం వేసింది. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం.

అక్కడి డాక్టరుగారు ముందుగా అడిగింది ఇదే: "ఈ మూడు వారాల్లో ఏ ఊరైనా వెళ్ళారా? అక్కడ బాబు ఏం చేశాడు?" ఊరి పేరు అమ్మ చెప్పింది. ఏం చేశాడో అమ్మకి తెలియదు, నాకే తెలుసు. చెరువు గట్టు, గడ్డి, రైల్లో చూసిన పొక్కు, అన్నీ చెప్పేశాను. ఆయన తమ్ముడి చెయ్యి పైకెత్తి చూశారు. పొక్కు ఉన్నచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టి ఉంది. నొప్పి, దురద లేకపోవడంతో వాడూ పట్టించుకోలేదు. "స్క్రబ్ టైఫస్ అనిపిస్తోంది" అంటూ రక్తం పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. తర్వాత రిపోర్టులోనూ అదే వచ్చింది.

ఈ జ్వరానికి కారణం ఓరియన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియా. దాన్ని మనకి అంటించేది చిగ్గర్ అనే పురుగు. ఇది మంచాల్లో ఉండే నల్లి కాదు. గడ్డిలో, పొదల్లో ఉండే ఒక రకం మైట్‌కి పిల్ల. కంటికి ఆనదు. పెద్ద మైట్లు మనల్ని కుట్టవు, ఈ పిల్లలే కుడతాయి. సాధారణంగా ఎలుకల మీద బతుకుతాయి, దారిలో మనం దొరికితే మనల్నీ పట్టుకుంటాయి. కుట్టిన సుమారు పది రోజులకి జ్వరం వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. త్వరగా గుర్తిస్తే మామూలు మందుతో తగ్గుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతిని ప్రాణం పోవచ్చు.

గోరఖ్‌పూర్ ప్రాంతంలో ఏటా వానాకాలంలో పిల్లలు మెదడువాపుతో చనిపోతుండేవారు. చాలాకాలం జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మీదే అందరి దృష్టీ ఉండేది. తర్వాత పరిశోధనల్లో ఆ కేసుల్లో చాలావాటికి స్క్రబ్ టైఫసే కారణమని తేలింది. మాకు దగ్గరే ఉన్న ఒడిశాలోని బార్గఢ్ జిల్లాలో 2023 సెప్టెంబరులో ఈ జ్వరంతో కొందరు చనిపోయారు. 2025 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు నుంచి విజయనగరం దాకా కేసులు బయటపడ్డాయి.

డాక్టరుగారు చెప్పిన ఒక మాట నేను మరిచిపోలేను. ఆ పురుగు పుట్టిన చోటు నుంచి కొన్ని అడుగుల దూరం కూడా పోదట. బాక్టీరియా తల్లి పురుగు నుంచి గుడ్ల ద్వారా పిల్లలకి వస్తుంది కాబట్టి అదే గట్టు మీద ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అంటే దానికి బదిలీ లేదు. బదిలీలు, ప్రయాణాలు మనకే. తమ్ముడి ఆసుపత్రి కాగితం మీద చిరునామా రాయ్‌పూర్ క్వార్టర్సుది. అది చూసి ఎవరైనా మ్యాపులో చుక్క పెడితే రాయ్‌పూర్‌లోనే పెడతారు. పురుగు మాత్రం బొబ్బిలి దగ్గర చెరువు గట్టున ఉంటుంది. అందుకే ఆయన కాగితం మీద అమ్మమ్మ ఊరి పేరు కూడా రాశారు. స్పెల్లింగ్ నేనే చెప్పాను.

ఆ రాత్రే నాన్న తాతయ్యకి ఫోన్ చేశారు. మర్నాడు తాతయ్య ఊళ్ళో ఆశా కార్యకర్తకి విషయం చెప్పి, గట్టు మీద పొదలు కొట్టించారు. జ్వరం ఉన్నవాళ్ళని పరీక్ష చేయించుకోమని ఇంటింటికీ వెళ్ళి చెప్పారు.

మన బడిలో సెలవులైతే ఒక్కొక్కరం ఒక్కో రాష్ట్రం వెళ్ళి వస్తాం. గడ్డిలో ఆడితే ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోండి. ఒంటి మీద పొక్కు కనిపిస్తే అమ్మకి చెప్పండి. జ్వరం వస్తే ఎక్కడికి వెళ్ళొచ్చారో, ఎక్కడ కూర్చున్నారో డాక్టరుగారు అడగకపోయినా చెప్పండి. రైల్లో నేను చెప్పకుండా ఊరుకున్నాను. మీరు ఊరుకోవద్దు.