బొద్దుగా ఉన్నాడని మురిసిపోయాం

మా చిన్నవాడికి ఎనిమిదో నెల వచ్చేసరికి ఎత్తుకుంటే చేతులు లాగేసేవి. తొడల మీద మూడేసి మడతలు. ఆదివారం గుడి నుండి బయటికి రాగానే ఒకరి చేతిలో నుండి ఒకరు తీసుకొని ముద్దాడేవారు. "పిల్లవాడంటే ఇలా ఉండాలమ్మా" అంటుంటే మేము మురిసిపోయేవాళ్ళం. తల్లిపాలు చాలవేమోనని నాలుగో నెల నుండే డబ్బాపాలు మొదలుపెట్టాం. ఏడ్చినప్పుడల్లా సీసా నోటికిచ్చాం. పాలలో పంచదార, మధ్యమధ్య బిస్కెట్లు.

ఒక రాత్రి వాడి ఒళ్ళు కాలిపోయింది. దగ్గు లేదు, జలుబు లేదు. పళ్ళు వస్తున్నాయన్నారు పెద్దవాళ్ళు. ఊళ్ళోనే సూదిమందు వేయించాం. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. మూడో రోజు తాగిన కాసిని పాలూ కక్కేశాడు. బస్సెక్కి పట్నంలో పిల్లల డాక్టరమ్మగారి దగ్గరకు పరుగెత్తాం.

"మూత్రం పరీక్ష చేయించారా?" అని ఆమె అడిగారు. మాకు ఆ ఆలోచనే రాలేదు. సన్నని గొట్టంతో మూత్రం తీసి పరీక్షిస్తే అందులో చీము కనబడింది. మలంలో ఉండే సూక్ష్మజీవులే మూత్రద్వారం గుండా పైకి పాకుతాయట. ఆలస్యం చేస్తే మూత్రపిండాలకు మచ్చలు పడే ప్రమాదముందట.

"లావుగా ఉన్నందుకే వచ్చిందా అమ్మా?" అని భయంగా అడిగాం.

"అలా చెప్పలేం. సన్నని పిల్లలకూ వస్తుంది. లావు పిల్లల్లో కొంచెం ఎక్కువగా కనబడుతోందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. కారణం ఇంకా తేలలేదు. మడతల్లో తడి, మలం నిలవకుండా చూడండి. అలాగని బిడ్డను పస్తు పెట్టకండి. తల్లిపాలు ఇవ్వండి, మెత్తని పప్పన్నం పెట్టండి, పంచదార, బిస్కెట్లు మానండి" అన్నారు. మొదటి ఆరు నెలలూ తల్లిపాలే చాలునని, అవి ఇలాంటి జబ్బుల నుండి కొంత కాపాడతాయని కూడా చెప్పారు. ఆ మాటకు మేము తలలు వంచుకున్నాం.

మందు పది రోజులకు రాశారు. మూడో రోజుకే జ్వరం పోయింది. ఇక చాలుననిపించినా, ఆమె గట్టిగా చెప్పినందున చివరిదాకా వేశాం. అప్పటి నుండి తడిగుడ్డ వెంటనే మారుస్తున్నాం, కడిగేటప్పుడు ముందు నుండి వెనక్కి కడుగుతున్నాం, మడతలు ఆరేలా తుడుస్తున్నాం.

వాడు ఇప్పుడు వాకిట్లో కోడిపిల్లల వెంట పరుగెడుతున్నాడు. మడతలు కరిగాయి. "పిల్లవాడు చిక్కిపోయాడే" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకుంటాం. కాని ఏ పసిబిడ్డకైనా కారణం తెలియని జ్వరం వచ్చిందని వింటే మాత్రం ఊరుకోం. "ముందు డాక్టరుకు చూపించి, మూత్రం పరీక్ష సంగతి అడగండి" అని ఇంటికి వెళ్ళి మరీ చెప్పి వస్తాం.