జానాబెత్తెడు నానోసెకను

వాషింగ్టన్ చూడ్డానికి వచ్చిన మనవాళ్ళు వైట్ హౌస్, లింకన్ మెమోరియల్ ముందు ఫోటోలు దిగి, సాయంత్రానికి ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటారు. నదికి ఇవతల వర్జీనియాలో ఉండే నాలాంటివాళ్ళకి వేసవి అంతా ఇదే డ్యూటీ! ఈసారి వెంట కంప్యూటర్ చదివే పిల్లలుంటే ఇంకో రెండు చోట్లు కలుపుకోండి.

మొదటిది ఆర్లింగ్టన్ శ్మశానవాటిక. 1992లో కన్నుమూసిన నౌకాదళ రియర్ అడ్మిరల్ గ్రేస్ హాపర్ సమాధి అక్కడుంది. తొలి కంపైలర్లలో ఒకటి 1952లో ఆవిడ తయారుచేసిందే. రెండోది మాల్ మీది అమెరికన్ చరిత్ర మ్యూజియం. 1947లో హార్వర్డ్ మార్క్ 2 యంత్రంలో ఇరుక్కున్న రెక్కల పురుగును అతికించిన లాగ్ పుస్తకం వారి సేకరణలో ఉంది. యంత్రాల లోపాన్ని 'బగ్' అనడం అప్పటికే ఉంది కనుక, నిజమైన బగ్ దొరకడం ఇదే మొదలని పక్కన సరదాగా రాసిపెట్టారు. ఆ కథ చెప్పడమంటే హాపర్‌కి మహా ఇష్టం. (అన్ని వస్తువులూ ఎప్పుడూ ప్రదర్శనలో ఉండవు, ముందే కనుక్కుని వెళ్ళండి.)

ఆవిడ తన ఉపన్యాసాల్లో పంచిన తీగముక్క కూడా వారి దగ్గరుంది. పొడవు 11.8 అంగుళాలు. ఒక నానోసెకనులో వెలుగు అంతకు మించి పోలేదు. ఉపగ్రహం నుంచి సందేశం రావడానికి అంతసేపెందుకని అడిగే అడ్మిరల్స్‌కి ఈ తీగ చూపించి, మధ్యలో ఇవి బోలెడున్నాయని చెప్పేదట. 36,000 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహానికైతే సుమారు 12 కోట్ల ముక్కలు! మైక్రోసెకనుకి దాదాపు వెయ్యి అడుగుల తీగచుట్ట తెచ్చి, ఎంత వృథా చేస్తున్నారో తెలియాలంటే దీన్ని ప్రోగ్రామర్ల మెడలో వెయ్యాలనేది.

మన సంఘం పిలిస్తే నేనూ అప్పుడప్పుడు మాట్లాడుతుంటాను. మనవాళ్ళు మంచివాళ్ళు, మైకు పట్టినవాడు మనవాడైతే చాలు, అర్థమైనా కాకపోయినా చప్పట్లు కొడతారు. (వెనకనుంచి వచ్చే పులిహోర వాసన కూడా కొంత సాయం.) అడగడానికి మొహమాటపడిన తాతగారు ఇంటికెళ్ళి ఎవడికో ఫోనులో పాస్‌వర్డ్ చెప్పేస్తే ఆ చప్పట్లు దేనికి? మొహమాటానికి నవ్వే నవ్వు మాత్రం స్టేజీ మీదికి ఇట్టే తెలిసిపోతుంది. కనుక నేను నవ్వునే నమ్ముతాను.

ఒక సభలో హాపర్ దారిలోనే తీగముక్కలు పంచి, "ఇది జానాబెత్తెడు, అంటే మూరలో రెండొంతులు" అన్నాను. ముందు వరసలో మామ్మగారు ముక్కని చేతిమీద కొలుచుకుని, "అయితే బాబూ, మా తెనాలిలో పూలమ్మే ఆవిడ చేత మూర వేయిస్తే మీ కంప్యూటర్లు ఇంకా తొందరగా నడుస్తాయి" అన్నారు. పెద్దలంతా గొల్లుమన్నారు. పిల్లలకి తెలియలేదు. ఆవిడే లేచి, మోచెయ్యి మడిచి, పూలావిడ మూర ఎలా కుదించేదో అభినయించి చూపించారు. ఓ కుర్రాడు, "అందుకేనా చిప్‌లో తీగలు అంత పొట్టిగా పెడతారు?" అన్నాడు.

తరవాతి నాలుగు స్లయిడ్లు చూపించే పని పడలేదు.