అరగని టైరుకూ గడువుంది

బ్రిటన్‌లో కారవాన్ల తయారీకి ఈస్ట్ యార్క్‌షైర్ పెట్టింది పేరు. స్విఫ్ట్ కంపెనీ ఉన్నది కాటింగ్‌హామ్‌లో, కోచ్‌మన్ ఉన్నది దాని పక్కనే ఉన్న హల్ నగరంలో. మంచాలు, పొయ్యి, బాత్‌రూమ్ అన్నీ అమర్చి, కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇళ్లివి. హల్ శివార్లలో వీటిని బాగుచేసే ఒక షెడ్డుకి మేం వెళ్లేసరికి, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన డాక్టరు దంపతుల కారవాన్ లోపలికి చేరుతోంది.

డాక్టరు గారి భార్య వంగి టైర్లను చేత్తో తడిమి చూశారు. "ఏమండీ, గాళ్లు ఇంత లోతుగా ఉన్నాయి. ఇవెందుకు మార్చడం?" అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. చట్టం అడిగే కనీసపు లోతు 1.6 మిల్లీమీటర్లు. వీటికి అంతకు మూడు, నాలుగు రెట్లుంది.

మెకానిక్ జవాబు చెప్పకుండా టార్చిలైటు వెలుతురు టైరు పక్క భాగం మీదకు తిప్పాడు. డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలున్నాయి: 2218. అంటే 2018లో 22వ వారం తయారైన టైరు. దానికి ఏడేళ్లు నిండాయి. అక్కడి కారవాన్ క్లబ్బులు ఐదేళ్లకు టైర్లు మార్చమంటాయి. ఏడేళ్లు దాటాక ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దంటాయి.

కారు టైరు తిరిగి తిరిగి అరుగుతుంది. కారవాన్ టైరు నిలబడి నిలబడి పాడవుతుంది. వేసవిలో కొన్ని వారాలు తిరిగిన బండి చలికాలమంతా ఒకేచోట, అదే బరువు మోస్తూ ఆగి ఉంటుంది. గాలిలోని ఓజోన్ రబ్బరును పగలగొడుతుంది. అందుకే తయారీదారులు రబ్బరులో ఒక రకం మైనాన్ని, రక్షక రసాయనాలను కలుపుతారు. చక్రం తిరిగి టైరు సాగి ముడుచుకుంటున్నప్పుడు అవి కొద్దికొద్దిగా పైకి ఊరి పొరలా కాపాడతాయి. కదలని టైరుకు ఆ రక్షణ సరిగా అందదు. పైగా ఎండ. లోపలి గాలిలోని ఆక్సిజన్ కూడా రబ్బరు గుండా మెల్లగా పాకుతూ ఉక్కు తీగల పట్టీల చుట్టూ ఉన్న పొరను పెళుసు చేస్తుంది. ఆ నష్టం బయటికి కనిపించదు.

పక్క భాగంలో సన్నని చీలికలు మాత్రం కనిపించాయి. బొటనవేలితో నొక్కితే అవి నోళ్లు తెరిచాయి. డాక్టరు గారు ముందుకు వంగి చాలాసేపు చూశారు.

గంటకు 60 మైళ్లు, అంటే దాదాపు 97 కిలోమీటర్లు, బ్రిటన్ మోటార్‌వేల మీద కారవాన్ లాగే కారుకు గరిష్ఠ వేగం. ఆ వేగంలో ఇలాంటి టైరు పేలితే ఊడిన రబ్బరు పట్టీ చక్రం పైనున్న గదిని, నేలను చీల్చుకుపోతుంది. బండి అటూ ఇటూ ఊగి ముందున్న కారునూ లాగేస్తుంది. వెనకున్న కారవాన్ టైరులో గాలి తగ్గినా స్టీరింగు దగ్గరున్న మనిషికి తెలియదు. ఇంత ప్రమాదముండీ, బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని చూసే ఎంఓటీ పరీక్ష కారవాన్‌కు కారులా ఏటా లేదు. చూసుకోవాల్సిన బాధ్యత పూర్తిగా యజమానిదే.

టైరు వయసు మాట ఎత్తితే ఆ దేశంలో చాలామందికి ఫ్రాన్సెస్ మొలోయ్ గుర్తొస్తారు. 2012 సెప్టెంబరులో బెస్టివల్ సంగీతోత్సవం నుంచి వస్తున్న కోచ్ బస్సు సర్రేలోని హైండ్‌హెడ్ దగ్గర ప్రమాదానికి గురై ముగ్గురు చనిపోయారు. వారిలో ఆమె కొడుకు, 18 ఏళ్ల మైఖేల్ ఒకడు. పేలిన ముందు టైరుకు 19 ఏళ్ల వయసు! అప్పటికి టైరు వయసుకు చట్టంలో హద్దు లేదు. ఆ తల్లి ఏళ్ల తరబడి పోరాడారు. 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలు, బస్సులు, కోచ్‌ల ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైర్లు వాడటం నిషేధమైంది. ఆ చట్టం కారవాన్లకు వర్తించదు. జర్మనీలో కారవాన్ లాగుతూ 80 బదులు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే అనుమతి కావాలంటే దాని టైర్లు ఆరేళ్లలోపువై ఉండాలి. బ్రిటన్‌లోనూ కారవాన్లకు అలాంటి నిబంధన రావాలి.

ఇక ఎంపిక. సైజు కలిస్తే చాలదని మెకానిక్ పదేపదే చెప్పాడు. ఈ కారవాన్ అన్ని సామాన్లతో కలిపి మోయదగిన గరిష్ఠ బరువు 1,500 కిలోలు. చక్రాలు రెండే కాబట్టి ఒక్కో టైరు మీద 750. టైరు మీద సైజు తర్వాత ఉండే అంకె అది మోయగల బరువు చెబుతుంది: 97 అంటే 730 కిలోలు, 102 అంటే 850. మొదటిది పనికిరాదు. రెండోదాన్ని కూడా చివరంటా వాడకుండా పదో వంతు మిగల్చమంటారు. 850లో 90 శాతం 765, సరిపోయింది. అందుకే వ్యాన్లకు వాడే, సైజు చివర 'సి' అక్షరముండే గట్టి టైర్లు తెప్పించారు. బిగించే ముందు వాటి తేదీ కూడా చదివాడు: 0925. దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉన్న టైరుకు కొత్త టైరు ధర ఇవ్వకూడదు కదా!

పని మొదలైంది. ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి, రెండో పక్క చక్రానికి దిమ్మలు పెట్టారు. చక్రం నేల మీద ఉండగానే బోల్టులు కొద్దిగా వదులు చేశారు. ఛాసిస్‌కు జాకీ కోసం ప్రత్యేకంగా అమర్చిన చోటే ఎత్తారు. నాలుగు మూలల్లో ఉండే కాళ్లు బండి కదలకుండా ఆనించడానికే తప్ప ఎత్తడానికి కావు. టైరుతోపాటు వాల్వులూ మార్చి, చక్రాలు బ్యాలెన్స్ చేసి, హ్యాండ్‌బుక్‌లో ఉన్న లెక్క ప్రకారం టార్క్ రెంచితో బోల్టులు బిగించారు.

ఆఖర్న బండి అడుగు నుంచి స్టెప్నీ దింపారు. ఒక్కసారి కూడా రోడ్డెక్కని టైరది. దాని మీదా 2018 అంకెలే. "ఇదీ మార్చేయండి" అన్నారు డాక్టరు గారి భార్య, ఈసారి గాళ్ల వైపు చూడకుండానే.

హైదరాబాద్, విజయవాడ అపార్టుమెంట్ల కింద నెలల తరబడి కదలని కార్ల టైర్ల మీదా ఇవే నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. డిక్కీలో ఉన్న స్టెప్నీ మీద కూడా చదవాలి.

మెకానిక్ సర్వీసు పుస్తకంలో మూడు టైర్ల తేదీలూ రాసి, ఎదురుగా 2030 అని వేశాడు. బోల్టులను సుమారు 50 కిలోమీటర్లు నడిచాక మళ్లీ సరిచూడాలన్నాడు. ఆ దంపతులు వెళ్లాల్సిన బ్రిడ్లింగ్టన్ తీరం దాదాపు అంతే దూరం. డాక్టరు గారు షెడ్డులోనే ఒక టార్క్ రెంచి కొని కారులో పెట్టుకున్నారు.